గోడలో దాగిన అంచనా: భారతీయ గృహాలలో విద్యుత్ వలయాల చరిత్ర

పాత ఇళ్ళను పరిశీలించే చరిత్రకారుల చూపు ముందుగా ద్వారబంధాల చెక్కడాల మీద, మండువా లోగిళ్ళ మీద, మద్రాసు మిద్దెల దూలాల మీద నిలుస్తుంది. గోడల లోపల సాగిపోయే విద్యుత్ తీగలను చరిత్రకు ఆధారాలుగా భావించేవారు అరుదు. అయితే ఒక ఇంటి తీగల మందం ఎంత, వాటిని ఎన్ని వలయాలుగా విభజించారు, ఏ గదిలో ఎన్ని ప్లగ్గులు అమర్చారు అన్న వివరాలు ఆ ఇంటిని నిర్మించిన తరం తన జీవితాన్ని ఎలా ఊహించుకున్నదో స్పష్టంగా తెలియజేస్తాయి. ఆ ఇంట్లో రాబోయే పాతిక ముప్ఫై ఏళ్ళలో ఏయే పరికరాలు వాడతారో, వాటిలో ఎన్ని ఏకకాలంలో పనిచేస్తాయో ముందే ఊహించి వేసిన లెక్క అది. గోడకు పూత పూసిన తరువాత ఆ లెక్క కంటికి కనిపించదు. జీవితం మారిపోయినా అది మాత్రం గోడలో అలాగే ఉండిపోతుంది. గత నూట పాతికేళ్ళలో భారతీయ గృహాల కోసం వేసిన ఈ అంచనాలు ఎలా పుట్టాయి, ఎక్కడ నిలబడ్డాయి, ఎక్కడ తప్పాయి అన్నది కేవలం సాంకేతిక విషయం కాదు. సామాజిక చరిత్రలో అదొక అధ్యాయం.

వెలుగు కోసమే వచ్చిన విద్యుత్తు

కలకత్తా నగరంలో 1879 జూలైలో తొలిసారిగా విద్యుద్దీపాన్ని ప్రదర్శించారు. 1895లో వచ్చిన శాసనానికి ‘కలకత్తా ఎలక్ట్రిక్ లైటింగ్ యాక్ట్’ అని పేరు పెట్టడాన్ని బట్టి ఆనాటి పాలకుల దృష్టిలో విద్యుత్తు అంటే ప్రధానంగా దీపమేనని అర్థమవుతుంది. 1897 నవంబరులో డార్జిలింగ్ సమీపంలోని సిద్రాపోంగ్ వద్ద చిన్న జలవిద్యుత్ కేంద్రం పనిచేయనారంభించింది. 1899లో కలకత్తాలో ఇళ్ళకు, కార్యాలయాలకు విద్యుత్ సరఫరా మొదలైంది. 1902లో కావేరీ నది మీద శివనసముద్రం నుండి కోలారు బంగారు గనులకు విద్యుత్తు చేరింది. 1905లో అదే విద్యుత్తు బెంగుళూరు వీధులను వెలిగించింది. హైదరాబాదు సంస్థానంలోనూ 20వ శతాబ్ది తొలి దశకాలలోనే ప్రభుత్వ ఆధ్వర్యంలో విద్యుత్ శాఖ ఏర్పడింది. హుస్సేన్ సాగర్ తీరాన నెలకొన్న థర్మల్ విద్యుత్ కేంద్రం నగర వాసులకు చిరకాలం గుర్తుగా నిలిచి, 1995లో నేలమట్టమైంది.

ఈ తొలి దశలో ఇంటి వైరింగుకు మార్గదర్శకాలుగా నిలిచినవి ఇంగ్లండు నుండి వచ్చిన నిబంధనలు. లండన్‌లోని టెలిగ్రాఫ్, విద్యుత్ ఇంజనీర్ల సంఘం 1882లో వెలువరించిన మొదటి నియమావళి ఉద్దేశం కూడా విద్యుద్దీపాల వల్ల అగ్నిప్రమాదాలు కలుగకుండా చూడడమే. గట్టిపరచిన రబ్బరు తొడుగు ఉన్న రాగి తీగలను గాడులు తీసిన చెక్క బద్దలలో అమర్చి, పైన మరో చెక్క పట్టీ మూసేవారు. ‘కేసింగ్ క్యాపింగ్’ అనే ఈ పద్ధతి పోస్టాఫీసులలోను, కచ్చేరీలలోను, పాత బంగళాలలోను ఎన్నో ఏళ్ళు కొనసాగింది. ఆ తరువాత టేకు బద్దల మీద రేకు క్లిప్పులతో బిగించిన రబ్బరు తొడుగు కేబుళ్ళు వచ్చాయి. ఆ ఇళ్ళలో ప్లగ్గు పాయింటు అనేది దాదాపు లేనట్టే. గదికొక దీపం, స్తోమత ఉన్నవారికి కప్పు నుండి వేలాడే పంకా. అంతటితో లెక్క ముగిసేది.

అయితే ఆ పంకాయే భారతీయ వైరింగుకు ఒక ప్రత్యేకతను తెచ్చింది. ఇంగ్లండు ఇంటి లెక్కలో పంకాకు స్థానం లేదు. ఇక్కడ త్రాడు లాగి గుడ్డ పంకాను ఊపే కూలి మనిషి స్థానంలో విద్యుత్ పంకా ప్రవేశించింది. అది దీపమంత తక్కువ విద్యుత్తునే వాడుతుంది కనుక దీపాల వలయంలోనే దానికీ చోటు దొరికింది. ‘లైట్లు, ఫ్యాన్లు’ అనే జంట మాట బిల్లులలోను, దరఖాస్తు పత్రాలలోను, నిబంధనలలోను స్థిరపడింది. వేసవి ఎక్కువగా ఉండే దేశం తన అవసరాన్ని పరాయి నియమావళిలో చేర్చుకున్న తొలి ఘట్టంగా దీనిని పరిగణించవచ్చు.

రెండు ధరలు, రెండు సాకెట్లు

దీపాలకోసం నెలకొల్పిన విద్యుత్ కేంద్రాలకు ఒక చిక్కు ఎదురైంది. సంధ్యవేళ అన్ని ఇళ్ళలోను దీపాలు ఒక్కసారిగా వెలుగుతాయి. ఆ రెండు మూడు గంటల కోసం పెద్ద యంత్రాలను సిద్ధంగా ఉంచవలసి వస్తుంది. తక్కిన వేళలలో అవి ఖాళీగా ఉంటాయి. విద్యుత్తు వెలలో బొగ్గు ఖర్చుకన్నా ఈ ‘సిద్ధంగా ఉండే’ ఖర్చే ముఖ్యమని జాన్ హాప్‌కిన్సన్ అనే ఇంజనీరు 1892లో ఇంగ్లండులో ఒక ఉపన్యాసంలో వివరించాడు. బ్రైటన్ నగరంలో ఆర్థర్ రైట్ ప్రతి వినియోగదారుని గరిష్ఠ వాడకాన్ని నమోదు చేసే మీటరును రూపొందించాడు. వాడిన యూనిట్లు ఎన్ని అన్న ప్రశ్నతోపాటు, ఒక్కసారిగా ఎంత వాడారు అన్న ప్రశ్న కూడా ఆనాటి నుండి విద్యుత్ వ్యాపారంలో ప్రవేశించింది.

పగటివేళ యంత్రాలకు పని కల్పించాలంటే ఇస్త్రీ పెట్టెలు, నీళ్ళు కాచే పరికరాలు, వంట పొయ్యిలు ఇళ్ళలోకి రావాలి. వాటిని ప్రోత్సహించడానికి సరఫరా సంస్థలు వేడి పరికరాల విద్యుత్తుకు తక్కువ ధర నిర్ణయించాయి. ధర వేరైనప్పుడు మీటరూ వేరు కావాలి. మీటరు వేరైనప్పుడు తీగలూ వేరు కావాలి. అందువల్ల దీపాలకు, పంకాలకు ఒక వలయం, ‘పవర్’కు మరో వలయం అనే విభజన ఏర్పడింది. భారతదేశంలోనూ అనేక నగరాలలో ఈ రెండు ధరల పద్ధతి, రెండు మీటర్ల పద్ధతి స్వాతంత్ర్యానంతరం కూడా కొనసాగింది.

చౌక విద్యుత్తుతో దీపాలు వెలిగించకుండా చూడడానికి ప్లగ్గులు భిన్న పరిమాణాలలో ఉండడం సరఫరా సంస్థలకూ అనుకూలించింది. 1934లో వెలువడిన బ్రిటిష్ ప్రమాణం 546 గుండ్రని మూడు కాళ్ళ ప్లగ్గులను 2, 5, 15, 30 ఆంపియర్ల స్థాయిలలో నిర్దేశించింది. వాటిలో 5, 15 ఆంపియర్ల ప్లగ్గులు భారతీయ గృహాలలో స్థిరపడ్డాయి. పైనుండే మూడవ కాలు భూమితో సంధానానికి ఉద్దేశించినది. అది తక్కిన రెండింటికంటె పొడవుగా, లావుగా ఉండడానికి కారణం ఉంది: ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్న ముందుగా ఎర్త్ కలవాలి, తీసేటప్పుడు అన్నిటికన్న చివరగా విడిపోవాలి. సామాన్యులు ‘చిన్న ప్లగ్గు’, ‘పెద్ద ప్లగ్గు’ అని పిలుచుకునే ఈ రెండు రూపాలు నేటికీ ఈ దేశపు గోడల మీద ఉన్నాయి. భారతీయ ప్రమాణం 1293 ఈ వంశానికి చెందినదే. కాలక్రమంలో 5, 15 ఆంపియర్లు 6, 16 ఆంపియర్లుగా మారినా రూపం మారలేదు. రెండు ధరల మీటర్లు పోయి ఏళ్ళు గడచినా, ఆ ధరల గుర్తులు మాత్రం సాకెట్ల ఆకారంలో మిగిలిపోయాయి.

అందరూ ఒక్కసారి వాడరన్న నమ్మకం

ఊరిలో ఉన్న చేద బావి వద్ద ఇంటికొక గిలక బిగించరు. ఊరంతా నీళ్ళు తోడుకునేదే అయినా ఒకే ఘడియలో అందరూ రారన్న నమ్మకం మీద నాలుగైదు గిలకలతో సరిపెడతారు. విద్యుత్ ఇంజనీర్లు ‘డైవర్సిటీ’ అని వ్యవహరించే సూత్రం ఇదే. షికాగో నగరంలో విద్యుత్ వ్యాపారాన్ని విస్తరింపజేసిన శామ్యూల్ ఇన్సల్ 20వ శతాబ్ది రెండవ దశకంలో ఒక అపార్టుమెంట్ల సముదాయాన్ని ఇందుకు దృష్టాంతంగా చూపాడు. అక్కడి సుమారు 190 ఇళ్ళ గరిష్ఠ వాడకాలను విడివిడిగా కొలిచి కూడితే 68 కిలోవాట్లు దాటింది; ఆ ఇళ్ళన్నీ కలిసి ఏకకాలంలో వాడిన గరిష్ఠం సుమారు 20 కిలోవాట్లు మాత్రమే. మూడు రెట్లకు మించిన ఈ వ్యత్యాసం మీదనే ఆధునిక విద్యుత్ వ్యవస్థల పొదుపు అంతా ఆధారపడి ఉంది.

ఇదే సూత్రం ఇంటి లోపలికీ వర్తిస్తుంది. భారతీయ నియమావళులలో, ప్రజా పనుల శాఖల ఆచరణలో ఒక సరళమైన లెక్క స్థిరపడింది. దీపానికి 60 వాట్లు, పంకాకు 60 వాట్లు, చిన్న ప్లగ్గుకు 100 వాట్లు, పెద్ద ప్లగ్గుకు 1000 వాట్లు అని అంచనా వేయాలి. దీపాలు, పంకాలు, చిన్న ప్లగ్గులు కలిపి ఒక వలయంలో పది పాయింట్లకు మించరాదు. మొత్తం భారం 800 వాట్లు దాటరాదు. పవర్ వలయంలో రెండు పెద్ద ప్లగ్గులకు మించి ఉండరాదు. భారం సాధారణంగా 3000 వాట్లకు లోబడి ఉండాలి.

ఈ సంఖ్యలతో ఒక మధ్యతరగతి ఇంటి చిత్రాన్ని గీయవచ్చు. మూడు గదులు, వంటిల్లు ఉన్న ఇంట్లో 8 దీపాలు, 4 పంకాలు, 5 చిన్న ప్లగ్గులు, 2 పెద్ద ప్లగ్గులు ఉన్నాయనుకుంటే, దీపాలకు 480, పంకాలకు 240, చిన్న ప్లగ్గులకు 500 వెరసి 1220 వాట్లు. పాయింట్లు 17 కనుక వీటిని రెండు వలయాలుగా విభజించాలి. పెద్ద ప్లగ్గులకు 2000 వాట్లతో మూడవ వలయం. మొత్తం 3220 వాట్లు. 230 వోల్టుల వద్ద సుమారు 14 ఆంపియర్లు. ఇంటికి ఈ మూడు వలయాలు చాలు.

చిన్న ప్లగ్గుకు 100 వాట్లు అని వేసిన లెక్కలో ఒక తరం జీవనశైలి ఇమిడి ఉంది. ఆ ప్లగ్గులో పెట్టేది రేడియో, బల్ల దీపం, బల్ల పంకా. నిజానికి 5 ఆంపియర్ల సాకెట్టు వెయ్యి వాట్లకు పైగా మోయగలదు. అయినా అంత భారం దాని మీద పడదని, అన్ని ప్లగ్గులూ ఏకకాలంలో పనిచేయవని లెక్క వేసినవారు విశ్వసించారు. ఆ రోజులకు ఆ విశ్వాసం సమంజసమే. ఇల్లు కట్టుకునేవారి శక్తికి మించిన ఖర్చు పెట్టించకుండా, ప్రమాదానికి తావివ్వకుండా నడుమ గీసిన గీత అది.

బ్రిటన్ ఎంచుకున్న మరో దారి

ఈ విభజనను ప్రవేశపెట్టిన బ్రిటన్ తానే దానిని విడిచిపెట్టింది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఇళ్ళు పెద్దయెత్తున ధ్వంసమయ్యాయి. యుద్ధం ముగిసిన తరువాత కట్టబోయే లక్షలాది ఇళ్ళలో వైరింగు ఎలా ఉండాలో ఆలోచించడానికి 1942లో ఒక సంఘం ఏర్పడింది. దాని నివేదిక 1944లో వెలువడింది. ఆ సంఘంలో ఉన్న ఏకైక మహిళ కారొలీన్ హాస్లెట్. గృహిణుల శ్రమను విద్యుత్తు తగ్గించగలదని ఆమె చిరకాలం ప్రచారం చేసింది. ఇంటింటా ఎక్కువ సాకెట్లు ఉండాలి, వాటిలో పసిపిల్లలు పుల్లలు, సూదులు గుచ్చకుండా రక్షణ ఉండాలి, రాగి మాత్రం తక్కువ ఖర్చు కావాలి అన్నవి ఆ సంఘం ముందున్న సమస్యలు.

వీటికి దొరికిన పరిష్కారం ‘రింగ్’ వలయం. ఫ్యూజు పెట్టె నుండి బయలుదేరిన తీగ సాకెట్లన్నిటినీ చుట్టివచ్చి మళ్ళీ అదే ఫ్యూజుకు చేరుతుంది. ప్రతి సాకెట్టుకూ రెండు వైపుల నుండి విద్యుత్తు అందడం వల్ల సన్నని తీగతోనే 30 ఆంపియర్ల వలయాన్ని నడపవచ్చు. సాకెట్లను లెక్కపెట్టడానికి బదులు సుమారు 100 చదరపు మీటర్ల నేల విస్తీర్ణాన్ని ఒక వలయానికి పరిమితిగా పెట్టుకున్నారు. సాకెట్లు పెరిగినంత మాత్రాన వాడకం పెరగదని, వాడుకునేవారి సౌకర్యం మాత్రమే పెరుగుతుందని ఆ నిర్ణయం వెనుక ఉన్న తర్కం. 1947లో వచ్చిన 13 ఆంపియర్ల చదరపు కాళ్ళ ప్లగ్గులో ఒక చిన్న ఫ్యూజును ఇమిడ్చారు. సాకెట్టు రంధ్రాలకు మూత బిగించారు. పొడవైన ఎర్త్ కాలు లోపలికి వెళ్ళినప్పుడే ఆ మూత తొలగుతుంది. దానితో ఇంటింటా ఒకే ఆకారపు సాకెట్టు వచ్చింది.

అదే 1947లో స్వతంత్రమైన భారతదేశం ఆ దారిని అనుసరించలేదు. గోడల మీద ఉన్న గుండ్రని సాకెట్లు, రెండు ధరల పద్ధతి, దీపాలకు పంకాలకు మాత్రమే సరిపోయే వాడకం, వీటి నడుమ పాత విభజనే ఇక్కడ కొనసాగింది. నాటికి దేశమంతటా ఉన్న విద్యుదుత్పాదన సామర్థ్యం 1362 మెగావాట్లు మాత్రమే. ఇంటికి ఎన్ని సాకెట్లు అన్నది ఆనాటి దేశం ముందున్న ప్రశ్న కాదు. ఎన్ని ఊళ్ళకు తీగ చేరుతుంది అన్నదే ప్రశ్న.

రాగి కొరత, అల్యూమినియం తీగలు

1948 నాటి విద్యుత్ సరఫరా చట్టంతో రాష్ట్రాలలో విద్యుత్ బోర్డులకు మార్గం ఏర్పడింది. ఆంధ్ర, ఒరిస్సా సరిహద్దులోని మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో ఉత్పత్తి ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడింది. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు ఇంటి వైరింగును లైసెన్సు పొందిన కాంట్రాక్టరు, అర్హత పత్రం ఉన్నవారి పర్యవేక్షణలో చేయాలని నిర్దేశించాయి. అయితే మీటరు దాటిన తరువాత తీగల బాగోగులు ప్రధానంగా ఇంటి యజమాని బాధ్యతే. కనెక్షను ఇచ్చేనాడు జరిగే పరీక్ష తరువాత ఆ తీగలను మళ్ళీ ఎవరైనా చూడడం సామాన్య గృహాలలో అరుదు.

ఈ కాలంలోనే తీగల లోహం మారింది. దేశానికి కావలసిన రాగిలో అధికభాగం విదేశాల నుండి రావలసినదే. విదేశీ మారకద్రవ్యం కొరతగా ఉన్న రోజులవి. అల్యూమినియం దేశంలోనే తయారవుతుంది. అందువల్ల 1960ల నుండి ఇళ్ళ వైరింగులో ప్లాస్టిక్ తొడుగు ఉన్న అల్యూమినియం తీగలు విస్తరించాయి. అల్యూమినియం రాగిలో సుమారు 60 శాతం మేరకే విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కనుక అంతే భారానికి మరింత లావు తీగ కావాలి. స్క్రూ కింద బిగించినచోట అది కాలక్రమంలో నలిగి వదులవుతుంది. దాని ఉపరితలం మీద ఏర్పడే పొర విద్యుత్తుకు అడ్డుపడుతుంది. వదులైన అతుకు వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ మరింత వదులవుతుంది. ఒక విధాన నిర్ణయం కోట్ల రూపాయల మారకద్రవ్యాన్ని ఆదా చేసింది. దాని మూల్యంలో ఒక భాగాన్ని స్విచ్చి బోర్డుల వెనుక మాడిన అతుకులు చెల్లించాయి. తరువాతి దశకాలలో ఇంటి తీగలలో రాగి మళ్ళీ స్థానం సంపాదించుకున్నది.

తీగల పేర్లలోనూ చరిత్ర మిగిలింది. మెట్రిక్ కొలతలు వచ్చి అర్ధ శతాబ్ది దాటినా విద్యుత్ పనివారి నోట ‘త్రీ బై ట్వంటీ’, ‘సెవెన్ బై ట్వంటీ’ అనే మాటలు చెరిగిపోలేదు. 20వ గేజి పోగులు మూడు లేక ఏడు పేనిన తీగ అని వాటి అర్థం. ఒక్కొక్క పోగు వ్యాసం 0.914 మిల్లీమీటర్లు, మూడు పోగుల తీగ వైశాల్యం సుమారు 2 చదరపు మిల్లీమీటర్లు, ఏడు పోగులది సుమారు 4.6. మొదటిది చిన్న భారాలకు, రెండవది పెద్ద భారాలకు. గురుముఖతః నేర్చుకున్న పనివానికి ఈ రెండు మాటలే నియమావళి.

వలయానికి కాపలాగా ఉండే ఫ్యూజు విషయంలోనూ ప్రజలు తమదైన పద్ధతిని కల్పించుకున్నారు. పింగాణీ ఫ్యూజు కట్టలో ఉండవలసిన సన్నని తీగ మాటిమాటికీ కాలిపోతున్నదంటే వలయం మీద భారం పెరిగిందని హెచ్చరిక. ఆ హెచ్చరికను విసుగుగా భావించి, లావు రాగి పోగును చుట్టడం ఇంటింటా కనిపించిన అలవాటు. ఫ్యూజు కరగనప్పుడు కరగవలసి వచ్చేది గోడలోని తీగ తొడుగే. తీగలో పుట్టే వేడి ప్రవాహం యొక్క వర్గంతో పెరుగుతుంది: ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. లావు పోగు చుట్టిన చేతికి ఈ సూత్రాన్ని చెప్పినవారు లేరు.

ఒక్క దీపపు ఇల్లు

మధ్యతరగతి ఇంట్లో మూడు వలయాల లెక్క నడుస్తున్న రోజులలో దేశంలోని అత్యధిక గృహాలకు ఏ లెక్కా లేదు. 1981 జనాభా లెక్కల ప్రకారం విద్యుద్దీపం ఉన్న కుటుంబాలు సుమారు 26 శాతం. 1991లో 42 శాతం. 2011 నాటికి 67 శాతం. 1988–89లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన కుటీర జ్యోతి పథకం నిరుపేద కుటుంబాలకు ఒక్క దీపం పాయింటుతో కనెక్షను ఇచ్చింది. పథకం పేరులోనే జ్యోతి ఉంది. 1895 నాటి కలకత్తా చట్టంలో వలెనే, ఒక శతాబ్ది తరువాత పేదవాని గుడిసెలోనూ విద్యుత్తు అంటే దీపమే.

ఆ ఒక్క దీపపు అంచనా ఎంతకాలం నిలుస్తుంది? కాయకష్టం చేసిన డబ్బుతో ఒక పంకా వస్తుంది, ఆ తరువాత టెలివిజను వస్తుంది. వాటికోసం వేసిన తీగలు ఏ నియమావళినీ ఎరుగవు. దీపం హోల్డరు నుండి లాగిన సన్నని తీగ, మేకుకు వేలాడే బోర్డు, ఎర్త్ లేని రెండు కాళ్ళ ప్లగ్గు, ఇవి ఆ ఇంటివారి అజ్ఞానాన్ని కాక, పథకం వేసినవారి ఊహ ఎంతవరకు సాగిందో చూపుతాయి. పేదవాడు అదే చోట ఆగిపోతాడని భావించిన లెక్కకు అతని ఎదుగుదలే ప్రమాదమైంది.

2017లో ప్రారంభమైన సౌభాగ్య పథకంలో ఒక చిన్న మార్పు కనిపిస్తుంది. మీటరు, ఒక ఎల్‌ఈడీ దీపం పాయింటు, వీటితోపాటు సెల్‌ఫోను ఛార్జింగుకు ఒక పాయింటును కూడా ఇంటి కనెక్షనులో చేర్చారు. పేదవాని ఇంటి లెక్కలో దీపం పక్కన సాకెట్టు అధికారికంగా స్థానం పొందింది. వెలుగుతోపాటు బయటి ప్రపంచంతో సంబంధం కూడా ప్రాథమిక అవసరమని అంగీకరించడమే ఆ పాయింటు సారాంశం.

తలక్రిందులైన లెక్క

21వ శతాబ్దిలో ఇంటి భారం స్వరూపమే మారింది. 60 వాట్ల దీపం స్థానంలో 9 వాట్ల ఎల్‌ఈడీ దీపం వచ్చింది. పంకాలలోనూ పాత వాటిలో సగం విద్యుత్తుతో తిరిగేవి వచ్చాయి. ఒకప్పుడు ఇంటి లెక్కలో ప్రధానమైన దీపాల భారం నామమాత్రమైంది. మరోవైపు ప్లగ్గుల భారం అంచనాలను మించిపోయింది. స్నానాల గదిలో నీళ్ళు కాచే గీజరుకు 2000 వాట్లు. వంటింట్లో ఇండక్షన్ పొయ్యికి 2000 వాట్ల వరకు. పడకగదిలో ఒకటిన్నర టన్నుల ఏసీకి పూర్తి వేగంతో నడిచేటప్పుడు సుమారు 1500 వాట్లు. స్నానాల గదికి, వంటింటికి నడుమ గోడ ఒకటే అన్న కారణంతో రెండు పెద్ద ప్లగ్గులనూ పాత పద్ధతిలో ఒకే వలయంలో కలిపిన ఇంట్లో, ఉదయం ఏడు గంటలకు గీజరు, పొయ్యి కలిసి పనిచేస్తే 4000 వాట్లు. అంటే 17 ఆంపియర్లకు పైగా. పెద్ద ప్లగ్గుకు 1000 వాట్లు అన్న పాత అంచనాకు అది రెట్టింపు. ఉదయపు తొందర ఇంటిల్లిపాదికీ ఒకేసారి వస్తుంది కనుక ఈ రెండూ కలిసి పనిచేయడం అరుదైన సంఘటన కాదు, నిత్యకృత్యం.

అంతకన్న లోతైన మార్పు మరొకటి ఉంది. అందరూ ఒక్కసారి వాడరన్న సూత్రం మనుషుల అలవాట్లు వేర్వేరుగా ఉన్నంతకాలమే పనిచేస్తుంది. మే నెల రాత్రి వడగాలికి నగరంలో ప్రతి పడకగదీ ఒకే విధంగా స్పందిస్తుంది. ఏసీలన్నీ ఒకే గంటలో మొదలై తెల్లవారేదాకా నడుస్తాయి. ఇస్త్రీ పెట్టె పది నిమిషాలు వేడెక్కించి వదిలిన తీగను ఏసీ ఎనిమిది గంటలు వేడెక్కిస్తుంది. షికాగో అపార్టుమెంట్లలో ఇన్సల్ చూసిన మూడు రెట్ల వెసులుబాటు ఇటువంటి రాత్రి చాలావరకు కరిగిపోతుంది. ఊరంతా ఒకే ఘడియలో బావి దగ్గరకు వచ్చిన వేళ అది.

నియమావళులు ఈ మార్పును గమనించకపోలేదు. వైరింగుకు సంబంధించిన భారతీయ ప్రమాణం 732 తొలి రూపాల నుండి 1989లోను, తిరిగి 2019లోను సవరణలు పొందింది. 1985లో తొలిసారి వచ్చిన జాతీయ విద్యుత్ నియమావళి తరువాత పరిష్కృతమైంది. 1956 నిబంధనల స్థానంలో 2010లోను, మళ్ళీ 2023లోను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు వచ్చాయి. లావు పోగులకు లొంగని మినియేచర్ సర్క్యూట్ బ్రేకర్లు ఫ్యూజు కట్టల స్థానాన్ని ఆక్రమించాయి. తీగ నుండి భూమికి, లేక మనిషి శరీరం గుండా భూమికి విద్యుత్తు కారితే క్షణంలో సరఫరాను నిలిపివేసే పరికరాలు వచ్చాయి. గీజరుకు, ఏసీకి, వంటింటికి వేర్వేరు వలయాలు వేయడం కొత్త ఇళ్ళలో ఆనవాయితీ అయింది.

కాని నియమావళి కొత్త ఇంటికే వర్తిస్తుంది. 1970లలో, 80లలో కట్టిన లక్షలాది ఇళ్ళ గోడలలో ఆనాటి తీగలే ఉన్నాయి. వాటికి యజమానులు మారారు, అద్దెకున్నవారు మారారు, రంగులు మారాయి, పరికరాలు మారాయి. చిన్న ప్లగ్గుకు 100 వాట్లన్న లెక్క మాత్రం మారలేదు. కొత్త ఏసీ కొన్నవారు దాని ధరను, చల్లదనాన్ని విచారిస్తారు. దానిని మోయవలసిన తీగ ఎన్ని పోగులదో, దాని మీద ఇప్పటికే ఎన్ని ప్లగ్గులు ఆధారపడి ఉన్నాయో అడిగేవారు తక్కువ. అగ్నిప్రమాదం జరిగిన మరునాడు వార్తలలో ‘షార్ట్ సర్క్యూట్’ అన్న ఒక్క మాటతో విషయం ముగుస్తుంది. ఆ మాట వెనుక తరచుగా ఉండేది పాతికేళ్ళ కిందటి అంచనాకు, నేటి జీవనానికి మధ్య పూడ్చని అంతరం.

ఈ చరిత్ర నుండి పరిపాలకులు, గృహనిర్మాతలు గ్రహించవలసింది ఒకటున్నది. మంచి వైరింగు నేటి అవసరానికి సరిపోవడంతో పాటు రాబోయే అవసరానికి చోటు మిగల్చాలి. ఒకటి రెండు ఖాళీ వలయాలు, మార్చడానికి వీలుగా తీగలు సాఫీగా సాగే గొట్టాలు, ప్రతి సాకెట్టుకూ నిజమైన ఎర్త్, కొన్నేళ్ళకొకసారి తప్పని తనిఖీ, వీటికయ్యే ఖర్చు ఇంటి ఖర్చులో స్వల్పభాగం. పెద్ద భవనాలకు ఈ జాగ్రత్త సులభంగానే అందుతుంది. ప్రభుత్వం కట్టించే రెండు గదుల ఇంట్లోను, ఒక్క దీపంతో మొదలైన గుడిసెలోను అది అందినప్పుడే నియమావళి సార్థకమవుతుంది. 60 వాట్ల దీపం, 100 వాట్ల ప్లగ్గు అని లెక్క వేసిన ఆనాటి ఇంజనీర్లు తమ కాలానికి న్యాయమే చేశారు. తరువాతి తరాలు పరికరాలను మార్చుకున్నంత వేగంగా ఆ లెక్కను మార్చుకోలేదు. ఆ బాకీ నేటికీ పాత ఇళ్ళ గోడలలో, ఇంకా చల్లారని తీగలలో మిగిలే ఉన్నది.